వెనకాల వెంకటయ్య

రండయ్యా, రండమ్మా, దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ మూల గుసగుసలు ఆపండి. ఫోనులో పాటలు పెట్టిన పెద్దమనిషి దాన్ని జేబులో పడేయాలి. పల్లీలు ఒలిచేవాళ్లు చప్పుడు కాకుండా ఒలవాలి. ఎందుకంటే ఈ కథలో చెవులతో పట్టుకోవాల్సిన చప్పుడు ఒకటి ఉంది. మీరు మాట్లాడుతూ ఉంటే అది మీ పక్క నుంచే నడిచిపోయినా మీకు తెలియదు.

అయిందా? ఇక వినండి.

సూర్యాపేట ఇంకో పిలుపు దూరం ఉందనగా, హైదరాబాద్ రోడ్డు మీద, తారు కరిగే ఎండలో ఒక మనిషి నడుచుకుంటూ వస్తున్నాడు. పేరు బీరన్న. ఊరు మిర్యాలగూడ దగ్గర మాడుగులపల్లి. చేసే పని లారీ మీద క్లీనరు. గడ్డం బొడ్డు దాకా దిగింది. మధ్యప్రదేశ్ అడవుల్లో ఆ గడ్డంలో పిచ్చుక గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలకు ఎగరడం నేర్పించి మరీ పోయిందంటారు. నేను చూడలేదు, చూసినవాళ్లు ఒట్టేసి చెప్పారు. చేతిలో కర్ర, ఆ కర్రకు నాగపూర్‌లో ఎవరో ముచ్చటపడి కట్టిన జెండా. నడక మొదలైంది కశ్మీరు కొండల్లో. దేశం పొడవునా నడిచి నడిచి ఇప్పుడు సొంత జిల్లా మట్టి మీదికి వచ్చాడు. ఇంకొంచెం నడిస్తే ఖతం.

అతని వెనకాల ఇంకో జత కాళ్ల చప్పుడు.

టప్పు, టిక్కు. టప్పు, టిక్కు.

రబ్బరు చెప్పులు. కుడి చెప్పు వారు తెగితే పిన్నీసు గుచ్చుకున్న చెప్పులు. బీరన్న వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు ఉంటుంది, ఎండ ఉంటుంది, మనిషి ఉండడు. బీడీ వాసన మాత్రం ఉంటుంది.

ఆ చప్పుడు వెంకటయ్యది.

వెంకటయ్య కోదాడ మనిషి, లారీ డ్రైవరు. బీరన్న మీసాలు రాకముందు అతని బండి ఎక్కాడు, మీసాలు నెరిసేదాకా దిగలేదు. ఆఖరి ట్రిప్పులో మిర్యాలగూడ మిల్లు బియ్యం వేసుకుని ఇద్దరూ కశ్మీరు పోయారు. కొండ మీద మంచు పడి రోడ్డు మూసేశారు. బండ్లన్నీ వరసగా నిలబడిపోయాయి. తెల్లారి బీరన్న చాయ పట్టుకుని క్యాబిన్ ఎక్కి, రోజూ లేపినట్టే లేపాడు. వెంకటయ్య లేవలేదు. నిద్రలోనే గుండె ఆగింది.

శవాన్ని ఇంటికి తెచ్చే దారి లేదు. వెంకటయ్య భార్య పద్మమ్మ ఫోనులోనే ఏడ్చి ఏడ్చి, "అక్కడే కానిచ్చెయ్ బీరన్నా" అంది. ఆ మంచులో చిక్కుకున్న డ్రైవర్లే నలుగురు పాడె ఎత్తారు. ఒకడు సర్దార్జీ, ఒకడు బీహారీ, మిగతా ఇద్దరిదీ ఏ ఊరో బీరన్నకు తెలియదు.

తప్పు ఇక్కడ జరిగింది. మనవైపు పాడెను సగం దారిలో ఒకసారి కిందికి దింపుతాం కదా, దింపుడు కళ్లం అని. సొంతమనిషి ఒకరు వంగి, పోయినవాడి చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఎక్కడన్నా ఇంత మిగిలి ఉంటే లేస్తాడు. లేకపోతే తన పేరు తను విని, అది ఇక ఇక్కడే వదిలేయాలని తెలుసుకుని, దారిన తను పోతాడు. బీరన్న పాడె దింపించాడు, వంగాడు కూడా. కానీ అన్నలాంటి మనిషిని పేరు పెట్టి ఎట్లా పిలుస్తాడు? ఇన్నేళ్లలో ఒక్కనాడన్నా పిలిచాడా? నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"అన్నా, లెవ్వు. ఇంటికి పోదాం."

మూడుసార్లూ అదే.

వెంకటయ్య మాట తీసేసే మనిషి కాదు. లేచాడు. శరీరం లేవలేదు, అది కాలిపోయింది. మిగిలింది లేచింది. చితి ఆరాక బీరన్న నాలుగు అడుగులు వేశాడో లేదో, వెనకాల మంచు మీద మొదలైంది: టప్పు, టిక్కు.

అయితే బస్సెక్కి రావచ్చు కదా అంటారు. ఎక్కాడు! కానీ ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టిన మనిషి ఇంకొకడు నడుపుతుంటే పక్కన ఊరికే కూర్చుంటాడా? సర్దార్జీ లారీ ఎక్కితే మలుపు మలుపుకీ గేరు దానంతట అదే మారింది. సర్దార్జీ రెండు చేతులూ వదిలేసి దండం పెట్టాడు, బండి మాత్రం పువ్వులా కొండ దిగింది. దిగాక బీరన్నను కిందికి తోసి, వెనక్కి చూడకుండా పారిపోయాడు. బస్సు ఎక్కితే హారన్ ఆగలేదు. రైలు ఎక్కితే ఇంకో కష్టం. రైలుకు స్టీరింగు లేదు కదా, వెంకటయ్య అసలు ఎక్కనే లేదు. రైలు కదిలాక కిటికీ కింద కంకర మీద ఆ చెప్పులు పరుగెత్తుతున్న చప్పుడు వినిపించింది. టప్పుటిక్కు టప్పుటిక్కు. రైలు వేగం అందుకున్న కొద్దీ అది వెనకబడింది. ఎంత వెనకబడినా ఆగలేదు. బీరన్న సీటు మీంచి లేచాడు. చైను లాగి దూకేశాడు. పట్టాల పక్కన కూర్చుని, ఆ చప్పుడు వచ్చి తనను అందుకునేదాకా ఏడ్చాడు.

ఆ రోజు పద్మమ్మకు ఫోను చేశాడు.

"వదినా, అన్న నా ఎనకాల వస్తుండు."

పద్మమ్మ, "చెప్పులు వేసుకున్నాడా?" అంది.

"ఏసుకున్నడు. పిన్నీసు సప్పుడైతుంది."

"అయితే ఆయనే. తీసుకురా."

ఆమె దినాలు చేయలేదు. బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. "నడిచొస్తున్న మనిషికి దినాలు ఎట్టా చెయ్యమంటారు?" అని చుట్టాల నోళ్లు మూయించింది. వాళ్లు ఆమెకు పిచ్చి పట్టిందన్నారు. పేరంటానికి పిలిచేవాళ్లు లేరు, పరామర్శకు వచ్చేవాళ్లూ లేరు. మొగుడున్నదీ కాదు, మొగుడు పోయిందీ కాదు. వెంకటయ్యను ఇంటికి చేర్చి, సరిగ్గా పేరు పెట్టి పిలిపించి సాగనంపితే తప్ప ఆ ఇంటికి తెరిపి లేదు. సాగనంపలేకపోతే, తన పాడె లేచేదాకా ఆ చప్పుడు తన వెనకాలే ఉంటుందని బీరన్నకూ తెలుసు.

అట్లా వచ్చాడు సూర్యాపేటకి.

ఊరి మొదట్లోనే బాజాలు. కశ్మీరు నుంచి ఒకాయన దేశం కోసం నడిచి వస్తున్నాడని ఎవరో వీడియో పెట్టారట, కుర్రాళ్లు దండలతో ఎదురొచ్చారు. వాళ్ల ముందు నిలబడ్డవాడు శ్రీధర్ అని, ఏ పండగైనా తన ఫ్లెక్సీ లేకుండా జరగనివ్వని బాపతు.

"అన్నా, ఏ సందేశం కోసం నడుస్తున్నవో జర చెప్పు. లైవ్ నడుస్తుంది."

"సందేశం ఏం లేదు తమ్మీ. ఒకాయన్ని ఇంటికాడ దింపనీకి పోతున్న."

శ్రీధర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒకాయన్ని ఇంటికాడ దింపనీకి! ఎంత లోతున్నదిరా గీ మాటల! రేపే ఫ్లెక్సీ మీద ఏపిస్త."

"లోతేం లేదు. ఆయన పేరు…" అనబోయి బీరన్న ఆగిపోయాడు. నాలుక మడత పడిపోయింది. "అన్న" అన్నాడు.

"అందరం అన్నదమ్ములమే అంటుండు!" అని శ్రీధర్ అరిచాడు. చప్పట్లు కొట్టారు. ఇద్దరూ కలిసి ఫోటో దిగారు. శ్రీధర్ ఫోను తిప్పి చూసుకుని మొహం చిట్లించాడు.

"ఎవడ్రా ఎనక బీడీ తాగుతున్నది? మంచి ఫోటోల పొగ పడ్డది."

వాళ్ల వెనకాల ఎవరూ లేరు. గోడ ఉంది, అంతే. నవ్వుతున్న కుర్రాళ్లు ఒకరినొకరు చూసుకుని కొంచెం కొంచెంగా జరిగిపోయారు. బాజావాళ్లు ముందే వెళ్లిపోయారు.

సూర్యాపేట దాటాక కోదాడ రోడ్డు తిన్నగా తూర్పుకు పోతుంది. బీరన్న అటు నడిచాడు. కాసేపటికి ఏదో తక్కువైనట్టు అనిపించింది. నిలబడి చెవులు రిక్కించాడు. వెనకాల ఏమీ లేదు. లారీల హోరు, గాలి, అంతే. కశ్మీరు నుంచి ఒక్క క్షణం ఆగని చప్పుడు ఆగిపోయింది.

వచ్చిన దారినే పరుగెత్తాడు. మిర్యాలగూడ వైపు మలుపు దగ్గర దొరికింది ఆ చప్పుడు. నడవడం లేదు. ఒకే చోట నిలబడి, అసహనంగా కాలు ఆడించినట్టు, టిక్కు, టిక్కు, టిక్కు.

"ఇల్లు అటు గదనే అన్నా! గిటు మిల్లు తొవ్వ."

టప్పు, టిక్కు. చప్పుడు మిర్యాలగూడ వైపే కదిలింది.

అప్పుడు వెలిగింది బీరన్నకు. వెంకటయ్య ఎన్నడూ ట్రిప్పు అప్పజెప్పకుండా ఇంటి గడప తొక్కలేదు. అర్ధరాత్రి దిగినా అపరాత్రి దిగినా ముందు మిల్లుకే. సేటు నోటితో "ట్రిప్పు దిగింది, ఇంటికి పో" అనాలి. అదొక పద్ధతి. బండినైతే ఎప్పుడో వేరే డ్రైవరు వెళ్లి తెచ్చుకున్నాడు. వెంకటయ్యకు ఆ మాట మాత్రం బాకీ ఉండిపోయింది.

దారి పొడవునా మొదటిసారి వెంకటయ్య ముందు, బీరన్న వెనక. ఖాళీ రోడ్డు మీద చప్పుడును చూసుకుంటూ నడవడం ఎట్లా ఉంటుందో మీకు చెప్పలేను. ఎదురొచ్చిన గొర్లమంద రోడ్డు మధ్యలో రెండుగా చీలి, మనిషి పట్టేంత సందు ఇచ్చి, మళ్లీ కలిసింది. కాపరి దాన్ని చూసి, బీరన్నను చూసి, కర్ర చంకన పెట్టుకుని చేలకు అడ్డం పడి పారిపోయాడు.

మిర్యాలగూడ మిల్లులో పొద్దున పూట. పట్టిన బియ్యం వాసన, ఎగిరే ఊక. సేటు పేరు సుధాకర్. తాత నాటి మిల్లు అతనిది. బీరన్న గేటు లోపలికి రాగానే కాంటా గదిలోంచి బయటికి వచ్చాడు.

"ఏంరా బీరన్నా! ఈ గడ్డమేంది, ఈ జెండా ఏంది? సన్నాసులల్ల కలిసినవా?"

"లేదు సేటూ. డ్రైవరన్నను తోలుకొచ్చిన. ట్రిప్పు దిగిందని ఒక్క మాట చెప్పు, పోతం."

"ఎండ దెబ్బ కొట్టినట్టున్నదిరా నీకు. నీళ్లు తాగుతవా?"

బీరన్న లారీలు తూచే కాంటా మీద నిలబడి ఉన్నాడు. గోడ మీది బోర్డులో ఎర్ర అంకెలు వెలుగుతున్నాయి. నీళ్ల కోసం అతను కాంటా దిగాడు. అంకెలు సున్నాకు రావాలి. రాలేదు. కొంచెం తగ్గి, ఒక మనిషి బరువు దగ్గర ఆగిపోయాయి. కాంటా మీద ఊక పొట్టు తప్ప ఏమీ లేదు.

సేటు బోర్డును కొట్టి చూశాడు. స్విచ్చి ఆపి వేశాడు. మళ్లీ అదే బరువు. బీడీ వాసన అతనికీ తగిలింది. మిల్లులో బీడీ తాగొద్దని ఇన్నేళ్లు తిట్టిన వాసనే అది.

"డ్రైవరూ," అన్నాడు సేటు. గొంతు పిల్లి గొంతయింది. "ట్రిప్పు దిగింది. మంచిగనే దిగింది. ఇగ ఇంటికి పో."

అంకెలు సున్నాకు వచ్చాయి.

బీరన్న ఆశగా అడిగాడు. "సేటూ, నువ్వు ఆయన్ని పేరు పెట్టి ఎన్నడన్న పిలిస్తివా?"

"నేనెప్పుడూ డ్రైవరనే అంటి గదరా." సేటు అటూ ఇటూ చూశాడు. "పేరుతోని నాకేం పని పడ్డది?"

మిల్లు బయట హమాలీలు మామ అనేవాళ్లు. పెట్రోలు బంకులో సాబ్ అనేవాళ్లు. తమ్ముళ్లకు అన్న, మరదళ్లకు బావగారు. పిల్లలు లేరు కాబట్టి నాన్న అనేవాళ్లూ లేరు. పేరు పెట్టి పిలిచిన తల్లీ తండ్రీ ఎప్పుడో పోయారు. హుజూర్‌నగర్ మీదుగా కోదాడకు నడుస్తూ బీరన్న ఒక్కొక్కరినే తలుచుకున్నాడు. దేశమంతా తిరిగిన మనిషిని పేరు పెట్టి పిలిచే సొంతమనిషి ఒక్కరు లేరు! దారిలో తనే ప్రయత్నం చేశాడు. "వెం…" అన్నాడు. దగ్గు వచ్చింది. "వెంక…" అన్నాడు. దవడ పట్టేసింది. చివరికి "అన్నా" అన్నాడు. వెంటనే ఆ చెప్పులు చకచకా వచ్చి భుజం పక్కన నిలబడ్డాయి, ఏం కావాలి అన్నట్టు. బీరన్న చెవి మీద చల్లగా ఊపిరి తగిలింది. మంచు చల్లదనం. మన ఎండాకాలంలో.

మర్నాడు కోదాడ చేరేసరికి ఎండ పసుపు రంగుకు తిరిగింది. హైవే దాటితే పద్మమ్మ ఉండే కాలనీ. హైవే మీదే నడిస్తే బెజవాడ, ఆ పైన సముద్రం.

బీరన్న రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. ఇన్నాళ్లూ ఆ చప్పుడు తనను పీక్కు తింటోందనుకున్నాడు. ఇప్పుడు అది లేకుండా పడుకోవడం ఎట్లా అని మొదటిసారి అనిపించింది. పంజాబు చేలలో, నర్మద వంతెన మీద, పులులుండే అడవిలో తనతో ఎవరున్నారు? మెల్లగా బెజవాడ వైపు నాలుగు అడుగులు వేశాడు.

టప్పు, టిక్కు. టప్పు, టిక్కు.

అడగలేదు, ఆగలేదు. ఇల్లు వెనక్కి పోతున్నా అతని వెంటే వస్తోంది. సముద్రంలోకి నడిచినా వస్తుంది. బీరన్నకు అప్పుడు తెలిసింది. ఇదంతా దయ్యం తనను పట్టుకోవడం కాదు, తను దయ్యాన్ని పట్టుకోవడం. జెండా కర్రను డివైడరు మట్టిలో గుచ్చేశాడు. కళ్లు తుడుచుకుని కాలనీ వైపు తిరిగాడు.

గేటు దగ్గర పద్మమ్మ నిలబడి ఉంది. నుదుటన రూపాయంత బొట్టు. పక్కన బకెట్టు నిండా నీళ్లు, చెంబు. ట్రిప్పు దిగిన ప్రతిసారీ పెట్టినట్టే పెట్టింది. పక్కింటి పిచ్చమ్మ ప్రహరీ గోడ మీద గడ్డం ఆనించి చూస్తోంది. ఆ కాలనీలో ఏ ముచ్చటా ఆ గడ్డం లేకుండా జరగదు.

"వచ్చారా?" అంది పద్మమ్మ. బీరన్నను కాదు. అతని భుజం మీదుగా వెనక్కి చూస్తూ.

"వచ్చినం వదినా."

"కాళ్లు కడుక్కోండి." చెంబుతో నీళ్లు తీసి గేటు ముందున్న నాపరాయి మీద కుమ్మరించింది. నీళ్లు రాయంతా పరుచుకున్నాయి. మధ్యలో రెండు పాదాలంత మేర మాత్రం పొడిగా మిగిలింది. పద్మమ్మ ఆ రెండు పొడి మచ్చలను చూస్తూ ఉండిపోయింది. "చిక్కిపోయారు," అంది.

గోడ మీది గడ్డం కదిలింది. "పద్మా, పేరు పెట్టి పిలవాలంట కదా? ఎవరన్నా మగాళ్లని కేకెయ్యనా?"

"ఎవరున్నారు పిన్నీ, ఆయన్ని ఆ పేరుతో పిలిచేవాళ్లు?"

"మరి నువ్వా? మొగుడి పేరు నోటితో అంటావా? ఎక్కడన్నా ఉందా అది?"

"నేను పిలుస్త వదినా," అన్నాడు బీరన్న. నోరు తెరిచాడు. అన్న తప్ప ఇంకో మాట రాదని తనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. పద్మమ్మ అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

ఆమె కొంగు నెత్తిన కప్పుకుంది. రేషను కార్డు దగ్గరా, దవాఖానలో కూడా ఆ పేరు చెప్పాల్సి వస్తే పక్కనున్నవాళ్లతో చెప్పించిన మనిషి. రాయి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఎవరి చెవికో వంగినట్టు వంగింది.

"వెంకటయ్యా."

ఊపిరంత చిన్నగా వచ్చింది. బకెట్టులో నీళ్లు వణికాయి.

"వెంకటయ్యా."

ఈసారి కొత్త పెళ్లికూతురిలా సిగ్గు పడింది గొంతు. ఎదురింటి కుక్క లేచి, తోక కాళ్ల మధ్య పెట్టుకుని, ఏడవడం మరిచిపోయి నిలబడింది. టిక్కు అని ఒక్కసారి పిన్నీసు కదిలింది. మొదటిసారి వింటున్నాడు కదా, తన పేరు ఆమె నోట.

మూడోసారి పిలవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. బీరన్నకు అర్థమైంది. అది పిలిస్తే అయిపోతుంది. పిలవకపోతే రోజూ నీళ్లు పెట్టుకోవచ్చు. తను హైవే మీద నాలుగు అడుగులు అటు వేసినట్టే, ఆమె కూడా మనసులో ఎటో నడిచి, ఎక్కడో ఆగి, తిరిగి వచ్చింది.

"వెంకటయ్యా!"

వీధి చివరిదాకా వినిపించింది.

"ట్రిప్పు అయిపోయింది. నువ్వు ఇక పో. నేను రాను, బీరన్న రాడు. భయపడకుండా ఒక్కడివే పో."

రాయి మీద ఆ రెండు పొడి మచ్చలూ అంచుల నుంచి తడిసి, నల్లబడి, మిగతా రాయిలో కలిసిపోయాయి. టప్పు, టిక్కు. గేటు దగ్గర. టప్పు, టిక్కు. వీధిలో. తొందరేమీ లేదు, తిరిగి చూసినట్టూ లేదు. బీడీ వాసన పలచబడింది.

బీరన్న కాళ్లు వాటంతట అవే కదిలాయి. అంత దూరం కలిసి నడిచిన కాళ్లు కదా, అతన్ని అడగలేదు. గేటు దాటి ఒక అడుగు, రెండో అడుగు. పద్మమ్మ వచ్చి మణికట్టు పట్టుకుంది. ఆ పట్టుకు గాజులు చిట్లి కింద పడ్డాయి.

"నువ్వు కాదు," అంది. "కూర్చో. అన్నం తిను."

ఇద్దరూ నిలబడి విన్నారు. వీధి మలుపు దాకా వినిపించింది. ఆ తర్వాత హైవే మీద లారీల చప్పుడు వినిపించింది, అందులో ఏదీ వేరుగా లేదు. పద్మమ్మ అప్పుడు, ఇన్ని నెలల తర్వాత, గేటు పట్టుకుని ఏడ్చింది.

గోడ మీద పిచ్చమ్మ కూడా కొంగుతో ముక్కు తుడుచుకుంది. వీధి ఆ చివరిదాకా మెడ సాచి చూసింది. తర్వాత నాలుక చప్పరించి, నిజంగా బాధపడుతూ అంది:

"అయ్యో, కాసేపు ఆగమనకపోయావా పద్మా! ఇంకో పావుగంటలో ఖమ్మం బస్సు వచ్చేది కదే. బైపాస్ దాకా అయినా కూర్చుని పోయేవాడు."